పదకొండు వందల తొంభై గీతలు

రెండో విడత గీతలు తెరమీదకి దిగడం మొదలయ్యాక, అందులో ఉన్న ఆరుగురు మనుషులూ దువ్వెన పళ్ళలా చీలిపోయారు.

అంతకుముందు మూడున్నర నిమిషాలసేపు ఏదో ఉన్నట్టే ఉంది. గీత విడిచి గీత, గీత విడిచి గీత, మసకమసకగా ఒక నడవా, దాన్లో ఆరు నిలువు నీడలు. షామియానా కింద కూర్చున్న జనం ముందుకు వంగి చూశారు. తీరా ఖాళీ గీతలు నిండుతూ ఉంటే కుడివైపు వాడి భుజం రెండైంది. మధ్యలో వాడి తల సగం ఇటు, సగం అటు జరిగింది. ఇరవై అడుగుల ఎల్ఈడీ తెరమీద ఒక్కొక్క మొహం గోడకి పిడకలు కొట్టినట్టు ముద్దలు ముద్దలుగా ఆగిపోయింది.

"ఇందులో మా తమ్ముడెవడు? చూపించండి మేడమ్, దండం పెడతాను," అన్నాడు కోరాడ పైడయ్య, యంత్రం టేబుల్ దగ్గరున్నావిడతో. "మనుషుల్లా లేరు, ఎండుచేపల బుట్టలా ఉన్నారు."

ఎవరూ నవ్వలేదు. పైడయ్య కూడా నవ్వించడానికి అనలేదు.

ముందు వరసలో కుర్చీలో ఉన్న నూకరత్నం మెల్లగా వెనక్కి, అన్న ధనరాజు కేసి తిరిగింది. "అన్నయ్యా, నువ్వు రోజూ ఫొటోలతోనే బతుకుతావు గదా. ఆ ఆరుగురిలో మీ బావ ఉన్నాడా?"

ధనరాజు తెరకేసి చాలాసేపు చూశాడు. "తెల్దమ్మా," అన్నాడు.

ఇదంతా ఎందుకొచ్చిందో చెప్తాను. గంగడపాలెం ఒడ్డునించి సముద్రంలోకి నూటపాతిక కిలోమీటర్లు వెళ్తే, అక్కడ నీళ్ళ లోతు మూడు కిలోమీటర్లు. అడుగున బంగాళాదుంపలు పరిచినట్టు నల్లటి ఉండలు పడి ఉంటాయి. బ్యాటరీలకి కావలసిన లోహాలన్నీ వాటిలోనే. వాటిని ఏరడానికి ఒక కంపెనీ సముద్రం అడుగున ఉక్కు ఇల్లు కట్టింది. ఆరుగురు మనుషులు, ఆర్నెల్ల డ్యూటీ. గంగడపాలెం వాళ్ళకి ఇదేం వింతగా అనిపించలేదు. పైన చేపలు అయిపోయాక, చేపలుండే చోటు కంటే కిందికి పనికి వెళ్ళారు, అంతే.

మూడు రోజుల కిందట అడుగున బురద కొండ జారింది. పైనుంచి వెళ్ళే కేబుల్ తెగింది. మనుషుల్ని పైకి తెచ్చే గొట్టం మూత బురద కింద కూరుకుపోయింది. దాన్ని తవ్వగలిగిన ఓడ ఎక్కడో సింగపూర్ దగ్గర బయల్దేరింది. రావడానికి ఇంకా నాలుగు రోజులు. లోపల గాలి ఈ సాయంత్రం దాకా.

ఈ మాట కంపెనీ మొదటి రోజు దాచింది, రెండో రోజు ఒప్పుకుంది. ఆ ఒక్క రోజు దాచినందుకు, ఆ తరవాత కంపెనీ మేనేజరు ఏ కాయితం చదివినా జనం నమ్మడం మానేశారు. ఆరుగురి దగ్గర్నించీ ఆరు కబుర్లు వచ్చాయని చదివాడు. ఆరూ ఒకటే కబురు. "బాగున్నాం, ధైర్యంగా ఉండండి."

"ఆరుగురూ కూడబలుక్కుని ఒకటే మాట అన్నారా?" అని అడిగింది నూకరత్నం.

బ్యాటరీ పొదుపు కోసం కింద వాళ్ళు అంకె మాత్రమే పంపుతారనీ, నాలుగు అంటే ఆ వాక్యమనీ మేనేజరు చెప్పాడు. ఆమె వినిపించుకోలేదు.

"అక్షరాలు ఎవడైనా కొడతాడు. ఆయన మొహం చూపించండి. బతికున్నాడని నా కళ్ళతో నాను చూడాలి. ఇంకేటీ అడగను."

ఎల్లాజీ ఆమె మొగుడు. నీళ్ళలోకి దిగి అయిదు నెలల పదిరోజులైంది. తక్కిన అయిదు ఇళ్ళవాళ్ళూ అదే మాట పట్టుకున్నారు. అందుకే కంపెనీ ఒడ్డున షామియానా వేయించి, పెళ్ళిళ్ళకి పెట్టే ఎల్ఈడీ తెర ఒకటి తెప్పించి, డాక్టర్ హైమవతిని పిలిపించింది.

ఈ హైమవతిగారు కనిపెట్టిన యంత్రం పేరు పెద్దదే ఉంది గాని జనం దాన్ని కూతల కెమెరా అంటారు. ఉక్కు ఇల్లు కట్టినప్పుడే ఒకటి లోపల పెట్టారు. ఉప్పునీళ్ళలో రేడియో నాలుగడుగులు కూడా పోదు. శబ్దమైతే పోతుంది, తిమింగలాలు మాట్లాడుకునేది అలాగే. అందుకని ఈ కెమెరా తాను చూసిన రంగుల్ని సన్నటి కూతలుగా మార్చి నీళ్ళలోకి వదుల్తుంది. పైన తేలే బుడ్డి ఆ కూతల్ని విని మళ్ళీ రంగులుగా మార్చి ఒడ్డుకి పంపుతుంది. అడుగునించి కూత పైకి రావడానికే రెండు సెకన్లు పడుతుంది. మన ఇళ్ళలో గోడంత టీవీలకి సెకనుకి అరవై బొమ్మలు వస్తున్నాయి. ఈ యంత్రానికి సెకనుకి ఒక్క గీత రావడమే గొప్ప. ఇంజక్షన్ సూదితో బిందె నింపడం అనుకోండి.

హైమవతిగారు టేబుల్ దగ్గర్నించి లేచి జనం ముందుకొచ్చింది. అరవై దాటిన మనిషి, మాట నిదానం.

"మీకు కనబడింది అయిదొందల డెబ్భై ఆరు గీతల బొమ్మండి. వల కన్ను పెద్దదైతే చిన్న చేప జారిపోతుంది కదా. ఇదీ అంతే. గీతలు తక్కువైతే మొహంలాంటి చిన్నది జారిపోతుంది. గది మొత్తం పట్టే కెమెరా అది. దాన్లో ఒక్కో మొహానికి వచ్చినవి ఇరవై చుక్కలు."

"మరి ఆ చీలికలేటి?" అన్నాడు పైడయ్య.

"బంతి భోజనాల్లో మనుషులు ఎక్కువై వడ్డించేవాళ్ళు తక్కువైతే, ఆకు విడిచి ఆకు వడ్డించుకుంటూ పోతారు. అందరికీ అన్నం వస్తోందన్న ధైర్యం కలుగుతుంది. మళ్ళీ వెనక్కొచ్చి విడిచిన ఆకులు నింపుతారు. ముందు ఒకటి, మూడు, అయిదో గీతలు. తరవాత రెండు, నాలుగు, ఆరు. దీన్ని ఇంటర్లేస్ అంటారు. పాత టీవీలన్నీ ఇలాగే పనిచేసేవి. చిక్కెక్కడంటే, కింద బొమ్మని దాచుకునే పెట్టె కాలిపోయింది. కెమెరా ఏ గీత చూస్తుంటే ఆ గీతే అప్పటికప్పుడు పంపుతోంది. మొదటి విడతకీ రెండో విడతకీ మధ్య మూడున్నర నిమిషాలు. అంతసేపట్లో మనిషి కదులుతాడు. అందుకే రెండు భుజాలు."

ధనరాజు నిలబడ్డాడు. ఊళ్ళో అతనికి ఫ్లెక్సీల షాపు. పదహారేళ్ళుగా అదే పని. పుట్టినరోజులకీ, పదవులకీ, పోయినవాళ్ళకీ. ఫోన్లో వచ్చిన అగ్గిపెట్టంత ఫొటో తెచ్చి నలభై అడుగులు చెయ్యమనేవాళ్ళతో రోజూ గొడవ పడీ పడీ, ఊరిమొత్తంమీద రిజల్యూషన్ అన్న మాట నోరు తిరిగేది అతనొక్కడికే. అందుకే అతను లేవగానే ఆరు ఇళ్ళవాళ్ళూ అతనికేసి తిరిగారు.

"మేడమ్, ఎక్కువ గీతలతో తెప్పించలేమా?"

"తెప్పించొచ్చు. ఆ కెమెరా రెండువేల నూట అరవై గీతలు చూడగలదు. ఒక్కో గీత నాలుగు సెకన్లు. మొత్తం రెండుగంటల ఇరవై నాలుగు నిమిషాలు."

"బ్యాటరీ ఎంతున్నాది?"

"లెక్క ప్రకారం రెండున్నర గంటలు."

"సరిపోద్ది గదా మరి."

"లెక్క ప్రకారం," అంది హైమవతిగారు మళ్ళీ. "అక్కడి నీళ్ళు రెండు డిగ్రీలు. ఇల్లు చల్లబడుతోంది. చలికి బ్యాటరీ ఏం చేస్తుందో నేను హామీ ఇవ్వలేను. నా సలహా వినండి. సగం గీతలు చాలు, వెయ్యి ఎనభై. అదీ గీత విడిచి గీత. మధ్యలో ఆగినా ఆరుగురూ తల నించి కాలి దాకా ఎంతోకొంత వచ్చేసి ఉంటారు."

"చీలికలతో."

"చీలికలతోనే."

ధనరాజు తల అడ్డంగా ఊపాడు. "చీలిపోయిన మొహం నా చెల్లెలికి చూపించలేను మేడమ్. ఇందాక చూసిందే చాలు. మీరు విడవకుండా వరసగా తెప్పించండి. ఒకటి తరవాత రెండు, రెండు తరవాత మూడు, అలగ. దాన్నేదో అంటారు గదా."

"ప్రోగ్రెసివ్ స్కాన్. పైనుంచి కిందికి, మొదటి ఆకునించి చివరి ఆకు దాకా. కానీ ధనరాజుగారూ, మధ్యలో ఆగితే ఆగినచోటే. కింద ఏమీ ఉండదు."

"ఉండకపోతే పోనీండి. ఫొటోలో మొహం ఎక్కడుంటాది మేడమ్? పైనే గదా. ముందు మొహాలే వస్తాయి. ఆగితే కాళ్ళు పోతాయి. కాళ్ళెవడిక్కావాలి?"

వినడానికి సబబుగానే ఉంది మరి. పదహారేళ్ళు మొహాల్ని కత్తిరించి అతికించినవాడు అన్న మాట.

"మా ధనరాజు చెప్పినట్టే కానీండి," అన్నాడు పైడయ్య. మిగతావాళ్ళు తలూపారు. నూకరత్నం తలూపలేదు, కాదనలేదు. అన్నకేసి చూసింది, అంతే. చిన్నప్పట్నించీ అతను రోడ్డు దాటించేముందు చూసే చూపు.

"ఇది మొదలెడితే మాటలు పంపడానికి ఇంక బ్యాటరీ మిగలదు," అంది హైమవతిగారు చివరిసారిగా. "అందరికీ సమ్మతమేనా?"

సమ్మతమే అన్నారు. ఆరుసార్లు నాలుగు అన్న అంకె విన్నాక మాటలమీద ఎవరికీ మోజు లేదు.

కిందికి కబురు పంపాలి. అంకెలు చాలవు, అక్షరాలే పంపాలి, పొదుపుగా. ధనరాజే చెప్పాడు, హైమవతిగారు కొట్టింది. "పెద్ద ఫొటో తీస్తున్నాం. మంచి వెలుతురున్న చోట ఒకే వరసలో ఉండండి. రెండున్నర గంటలు కదలకండి." స్టూడియోలో చెప్పినట్టు చెప్పాడు. అయిదు నిమిషాలకి జవాబొచ్చింది. "కెమెరా తీసుకుని భోజనాల హాల్లోకి వెళ్తున్నాం. అక్కడ గోడ బాగుంటుంది."

గోడ బాగుంటుందన్న ముక్క ధనరాజుకి అప్పుడు పట్టలేదు.

ఉదయం పదిన్నరకి మొదటి గీత దిగింది. తెర పైఅంచున తలవెంట్రుకంత సన్నగా, బూడిదరంగులో. నాలుగు సెకన్లకి రెండోది. ఇరవై అడుగుల తెరకి ఆ గీత ఒక లెక్కలోది కాదు, ఉందో లేదో తెలీదు. ఒక నిమిషానికి పదిహేను గీతలు. అయిదు నిమిషాలకి జానెడు కూడా లేదు. కానీ ఆ జానెడూ ఎంత స్పష్టంగా ఉందంటే, పైకప్పు బోల్టులమీద తుప్పు చుక్కలు ఎంచొచ్చు. గొట్టంమీద నీటిబొట్టు ఒకటి వేలాడుతోంది. దాన్లో దీపం నీడ కనబడుతోంది.

"చూశారా," అన్నాడు ధనరాజు చుట్టూ తిరిగి. "అదీ ఒరిజినల్ అంటే."

మేనేజరు పక్కనున్న పీఆర్వో అప్పటికే ఫోను తీసి ఫొటోలు కొడుతున్నాడు. మూడు కిలోమీటర్ల లోతునించి ఇంత క్లియర్‌గా ప్రపంచంలో ఎవరూ తెప్పించలేదని ఎవరికో చెబుతున్నాడు.

ఎండ ఎక్కుతోంది. మజ్జిగ గ్లాసులు తిరిగాయి, ఎవరూ తాగలేదు. గీత తరవాత గీత. నూట యాభై దాటాక బూడిదరంగు పోయి నారింజరంగు మొదలైంది. నిండు నారింజ, దానికి పసుపు అంచు. పైడయ్య కళ్ళమీద చెయ్యి అడ్డం పెట్టుకుని చూశాడు.

"అదేటి, సూర్యుడా?"

ఆ నారింజ ధనరాజుకి తెలుసు. దాని నంబరు కూడా తెలుసు. పసుపు అంచు వెడల్పు ఎన్ని అంగుళాలో తెలుసు.

గీతలు దిగుతూనే ఉన్నాయి. నారింజలో గుండ్రంగా ఒక నలుపు మొదలైంది. తల. దువ్విన తల, నున్నగా రంగు వేసిన తల. షామియానా అంతా ఒక్కసారి లేచి నిలబడింది. పక్కనే ఇంకో గుండ్రం, ఇంకోటి, ఇంకోటి. నుదురు, కనుబొమ్మలు, కళ్ళజోడు.

"మంత్రిగారు," అంది వెనకనుంచి ఒక ఆడగొంతు, అర్థంకానట్టు.

మంత్రిగారే. పక్కన కంపెనీ చైర్మన్, ఆ పక్కన ఎంపీ, ఎమ్మెల్యే, జిల్లా అధ్యక్షుడు, మండలం అధ్యక్షుడు. వరసగా తొమ్మిది గుండ్రాలు. చైర్మన్‌గారి చెవి దగ్గర తెల్ల వెంట్రుక ఒకటి రంగు తప్పించుకుంది, అదీ కనబడుతోంది.

కిందటేడు ఆ ఉక్కు ఇంటికి రెండేళ్ళు నిండిన సందర్భంగా కంపెనీ ఒక ఫ్లెక్సీ వేయించింది. వేసింది ధనరాజే. పద్నాలుగడుగుల వెడల్పు. భోజనాల హాలు గోడకి కట్టడానికి చుట్టచుట్టి గొట్టంలో కిందికి పంపారు. ఆ నాయకుల వరస కోసం అతను నాలుగు రోజులు తిరిగాడు, ఎవరి పక్కన ఎవరు, ఎవరి గుండ్రం ఎవరికంటే పెద్దది అని. ఒక్క వరస చాలదని తరవాత రెండో వరస కలిపాడు. అప్పుడే నూకరత్నం షాపుకొచ్చి, కింద పనిచేసే ఆరుగురి ఫొటోలు కూడా ఎక్కడైనా పెట్టమంది. "చోటు లేదమ్మా," అన్నాడు. నిజంగానే లేదు.

హైమవతిగారు టేబుల్ దగ్గర్నించి వచ్చి అతని పక్కన నిలబడింది. "వాళ్ళెక్కడ?"

"వాళ్ళు కింద ఉంటారు మేడమ్."

"కింద అంటే?"

"నేలమీద కూర్చుని ఉంటారు. ఫ్లెక్సీ ముందు ఫొటో దిగితే ఎవడూ నిలబడడు. నిలబడితే నాయకులు కప్పడిపోతారు గదా. అందరికీ అలవాటే." అతని గొంతు చాలా మామూలుగా ఉంది. "పెద్ద ఫొటో అన్నాను. పెద్ద ఫొటో అంటే మావాళ్ళు ఫ్లెక్సీ ముందే కూర్చుంటారు."

"ఇప్పుడు ఆపి గీత విడిచి గీత మొదలెడితే?"

"కుదుర్తాదా?"

ఆమె టేబుల్ దగ్గరికి వెళ్ళి చూసి వచ్చింది. మొహంలోనే తెలిసింది. ఆపమని కిందికి కబురు పంపాలి, వాళ్ళు ఎవరో ఒకరు లేచి యంత్రం దాకా వెళ్ళి సరిచెయ్యాలి. కదలొద్దని చెప్పాం. కబురు యంత్రం ఉన్నది నడవాలో, వాళ్ళున్నది హాల్లో. పిలిచినా వినబడదు.

"ఎన్నో గీతలో తగుల్తారు?" అన్నాడు ధనరాజు.

"ఫ్లెక్సీ ఎత్తెంత?"

"ఏడడుగులు. అడుగు నేలకి ఆనించి కట్టారు."

ఆమె వేళ్ళమీద లెక్కేసింది. "పదకొండొందల దగ్గర తలలు మొదలవ్వాలి. పన్నెండొందల యాభైకి గడ్డం. అంటే ఇంకా యాభై నిమిషాలు."

"బ్యాటరీ?"

ఆమె టేబుల్‌మీద వెలుగుతున్న పచ్చ దీపం కేసి చూసింది.

యాభై నిమిషాలు అంటే చిన్నది కాదు. రెండో వరస నాయకులు దిగారు, ఇంకా పదకొండుమంది. జనం ఒక్కొక్కరే కూర్చున్నారు. ఎమ్మెల్యేగారి తాలూకు మనిషొకడు ఎప్పుడొచ్చాడో వచ్చాడు. తెరదగ్గరికి వెళ్ళి ఫోను ఎత్తి, "మా అన్న ఫొటో ఎంత బాగా వచ్చిందో," అని పక్కవాడితో అన్నాడు. పైడయ్య లేచి వాడి దగ్గరికి వెళ్ళాడు. కొడతాడనుకున్నారు. కొట్టలేదు. "బాబూ, కొంచెం పక్కకి జరుగు. మా తమ్ముడు వచ్చే చోటది," అన్నాడు.

నాయకులు అయిపోయాక అక్షరాలు వచ్చాయి. స్వాగతం, సుస్వాగతం. రెండడుగుల అక్షరాలు. ఒక్క అక్షరం దిగడానికి ఇరవై నిమిషాలు. సున్నా కడుపు, కొమ్ము, తలకట్టు, మెరుపులు, ఆ మెరుపులకి మళ్ళీ నీడలు. నీడ వేస్తే అందం అని ధనరాజే వేశాడు.

నూకరత్నం కుర్చీ ఇంకాస్త ముందుకు జరుపుకుంది. తెర అడుగున నల్లగా ఉన్న సగంలో ఆమె నీడ కనబడుతోంది.

వెయ్యిన్నీ నూట నాలుగో గీతలో అక్షరాల మధ్య నల్లటి చుక్కొకటి పుట్టింది. పక్కన ఇంకోటి. ఆరు.

ఈసారి ఎవరూ లేవలేదు. నాలుగు సెకన్లకొక గీత. చుక్క బొట్టంతైంది, బొట్టు అరచేతి వెడల్పైంది. వెంట్రుకలు. ఒకటొకటి విడివిడిగా, లెక్కపెట్టుకునేలా. ఎడమనించి రెండోవాడి తల పక్కకి వాలుతూ కిందికి దిగుతోంది. గీత గీతకీ కొంచెం కొంచెం కుడివైపుకి జరుగుతోంది. బొమ్మలో తప్పు కాదది. ఆ నిమిషాల్లో ఆ మనిషి నిజంగానే అలా ఒరిగిపోతున్నాడు. పైడయ్య అది చూసి తలదించుకున్నాడు. తన తమ్ముడో కాదో అడగలేదు.

నాలుగో తల నిటారుగా ఉంది.

"ఆయనే," అంది నూకరత్నం.

"ఎలగ చెప్తావమ్మా?"

"తల దువ్వుకున్నాడు. తడిపి దువ్వుకున్నాడు. చూడు, దువ్వెన చాళ్ళు. ఫొటో అంటే చాలు, చెంబు పట్టుకుని అద్దం ముందుకి పోతాడు."

ఆరుగురూ తలలు దువ్వుకునే కూర్చున్నారు, గాలి అయిపోతున్న ఇంట్లో. నుదురు మొదలైంది. నుదుటి ముడతలో చెమట మెరుస్తోంది. పదకొండు వందల ఎనభై. కనుబొమ్మల పైఅంచు. పదకొండు వందల ఎనభై అయిదు. నూకరత్నం కుర్చీలోంచి లేచి వెళ్ళి తెరముందు నిలబడింది, సరిగ్గా ఆ కళ్ళు రావలసిన ఎత్తులో తన కళ్ళు పెట్టి.

పదకొండు వందల తొంభై.

నాలుగు సెకన్లు. ఎనిమిది. పన్నెండు. బుడ్డి వింటూనే ఉందని టేబుల్‌మీద పచ్చ దీపం వెలుగుతోంది. వినడానికి కిందనించి ఏమీ లేదు.

"చలి," అంది హైమవతిగారు. ఎవరికో చెప్పినట్టు కాదు.

మధ్యాహ్నం మూడింటిదాకా అలాగే ఉన్నారు. మూడింటికి తెరవాళ్ళు వచ్చారు. అనకాపల్లిలో సాయంత్రం రిసెప్షన్ ఉందట, విప్పుకుపోవాలట. మేనేజరు వాళ్ళని కాసేపు ఆపాడు, తరవాత ఆపలేకపోయాడు. సాయంత్రం గాలి టైము కూడా అయిపోయింది. అయిపోయిందని ఎవరూ పైకి అనలేదు. షామియానా కర్రలు పీకేశారు.

నాలుగు రోజులకి ఓడ వచ్చింది. బురద ఇంకా జారుతోందని వారం రోజులు చుట్టూ తిరిగి వెళ్ళిపోయింది. కూతల కెమెరాకి మాత్రం పేరొచ్చింది. పీఆర్వో అదే బొమ్మని దేశదేశాలకి పంపాడు, వెంట్రుకలు కనబడే భాగం ఎక్కువ పెద్దది చేసి. మూడు దేశాలవాళ్ళు యంత్రం కావాలన్నారు. హైమవతిగారు సన్మానానికి రానని ఉత్తరం రాసింది. సన్మానం జరిగింది, ఆమె కుర్చీ ఖాళీగా పెట్టి.

ఆరు ఇళ్ళవాళ్ళనీ కంపెనీ పిలిచి, గుర్తింపు కార్డుల్లోని ఫొటోలు తీసుకుని మిగతా గీతలు కంప్యూటర్‌తో నింపి ఇస్తామంది. నిండు బొమ్మ వస్తుందంది. నలుగురు ఒప్పుకున్నారు. పైడయ్య ఒప్పుకుని, తెచ్చుకుని, రెండు రోజులు గోడకి పెట్టి తీసేశాడు. "నవ్వుతున్నాడు. ఆ కంప్యూటర్‌కి ఎవడు చెప్పాడు వాడు నవ్వాడని?" అన్నాడు.

నూకరత్నం ఒప్పుకోలేదు. దండ వెయ్యలేదు, బొట్టు తియ్యలేదు. ఊళ్ళో పెద్దవాళ్ళు వచ్చి పదకొండో రోజు గురించి మాట్లాడితే, చూడంది నాను నమ్మను అంది. చూపించారు గదా అంటే, సగమే చూపించారంది. నెలరోజులు పోయాక ఒక పొద్దున అన్న షాపుకొచ్చింది.

"అన్నయ్యా, ఆ బొమ్మ నాకు వేసివ్వు."

ధనరాజు కంప్యూటర్లో తెరిచాడు. ఆ నెలరోజుల్లో దాన్ని రోజూ తెరిచాడు, అది వేరే సంగతి. "ఎంత సైజమ్మా?"

"మనిషంత. పైన నాయకుల్ని తీసెయ్. అక్షరాలు తీసెయ్. మిగతావాళ్ళు కూడా వద్దు, ఆయనొక్కడే."

తీసేశాడు. మిగిలింది ఎనభై ఆరు గీతల ముక్క. దువ్విన జుట్టు, నుదురు, కనుబొమ్మలు మొదలయ్యే చోటు. మౌసు పట్టుకుని, ఎక్కడ కత్తిరించాలో చెప్పమన్నట్టు చూశాడు.

"కింద కొయ్యకు," అంది. "కింద ఎంత రావాలో అంత ఉంచు. తెల్లగా."

"తొమ్మిదొందల డెబ్భై గీతలమ్మా. అంతా ఖాళీయే."

"ఉంచు."

పదహారేళ్ళలో అతను ఫ్లెక్సీమీద ఒక్క జానెడు కూడా ఖాళీ వదిలి ఎరగడు. ఖాళీ కనబడితే పువ్వో, పావురమో, ఇంకో నాయకుడో ఎక్కేవాళ్ళు. ఈసారి వదిలి ప్రింట్ కొట్టాడు.

ఫ్లెక్సీ మిషన్ కూడా పైనుంచి కిందికే వేస్తుంది. రంగుల పెట్టె పట్టామీద ఇటునించి అటు, అటునించి ఇటు పోతూ ఒక్కో పట్టీ దింపుతుంది. జుట్టు దిగింది, నుదురు దిగింది. తరవాత తెలుపు. తెలుపుకి రంగు అక్కర్లేదు, అయినా మిషన్ ఆగదు. ఆ పెట్టె అలాగే ఇటూ అటూ తిరుగుతూ, ఏమీ వెయ్యకుండా, గుడ్డని కొంచెం కొంచెం ముందుకి తోస్తూ ఉంది.

ఇంక చాలనుకుంటే బటన్ నొక్కి ఆపొచ్చు. మిగతా గుడ్డ చేత్తో లాగి కోసుకోవచ్చు. రోజూ చేసే పనే.

ధనరాజు చెయ్యి బటన్ దాకా వెళ్ళింది. పక్కన చెల్లెలు ఆ తెల్లటి గుడ్డ కేసి, గీత గీతకీ చూపు కొంచెం కొంచెం దించుకుంటూ, కళ్ళార్పకుండా చూస్తోంది. అతను చెయ్యి వెనక్కి తీసుకుని ఆమె పక్కన నిలబడ్డాడు. మిషన్ దానంతట అది ఆగేదాకా ఇద్దరూ అక్కడే ఉన్నారు.